అమెరికా సమ్మర్ క్యాంపులో కౌన్సెలర్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో వేసవి సెలవులు రెండు నెలలకు పైనే ఉంటాయి. ఆ రోజుల్లో పిల్లల్ని అడవుల మధ్య, చెరువుల ఒడ్డున ఉండే క్యాంపులకు పంపడం అక్కడ పాత అలవాటు. 1861లో కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడి పెద్ద తన విద్యార్థుల్ని ఊరవతలికి నడిపించుకెళ్లి గుడారాల్లో ఉంచినదాన్ని మొదటి క్యాంపుగా చెప్పుకుంటారు. ఇప్పుడు మెయిన్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో ఈ క్యాంపులు చాలా ఉన్నాయి. వాటి సిబ్బందిలో కొందరు జె-1 అనే మార్పిడి కార్యక్రమాల వీసా మీద బయటి దేశాల నుంచి వస్తారు. డిగ్రీ, బీటెక్ విద్యార్థులు, పీఈటీలు, బడి టీచర్లు కౌన్సెలర్ పని గురించి, అంటే క్యాంపులో పిల్లల్ని చూసుకుంటూ ఆటలూ విద్యలూ నేర్పే పని గురించి, ఎక్కువగా అడిగే ప్రశ్నలకు కింద జవాబులున్నాయి.

ఇది ఉద్యోగమా? టూరా? చదువా?

కాగితం మీద సాంస్కృతిక మార్పిడి. 1961 నాటి ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం కింద నడుస్తున్న కార్యక్రమం ఇది. రోజువారీగా చూస్తే మాత్రం పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని. ఎనిమిది తొమ్మిది వారాలపాటు ఎనిమిదేళ్ల పిల్లలు పది మందితో ఒకే చెక్క గదిలో (క్యాబిన్ అంటారు) పడుకోవాలి, వాళ్లతోనే లేవాలి, వాళ్లతోనే తినాలి. చుట్టాల పిల్లలు నలుగురు ఇంటికొస్తేనే మేడ మీదకెళ్లి తలుపేసుకునేవాళ్లకు ఇది సరిపడదు. అమెరికా చూడాలన్న కోరిక ఒక్కటే ఉంటే ఇంతకంటే సుఖమైన దారులున్నాయి.

ఎవరు అర్హులు?

కనీసం 18 ఏళ్లు నిండాలి. విద్యార్థి, టీచరు, పిల్లలతో లేదా యువతతో పనిచేస్తున్న వ్యక్తి, ప్రత్యేకమైన నైపుణ్యం ఉన్న వ్యక్తి, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అయ్యుండాలి. డిగ్రీ పూర్తయి ఉండాలన్న నియమం లేదు. కార్యక్రమం నాలుగు నెలలు దాటకూడదు.

ఇంగ్లిష్ గురించి ఒక మాట. గ్రామర్ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. అర్ధరాత్రి కడుపునొప్పి అని ఏడ్చే పిల్లవాడు ముక్కుతో గొణిగేది అర్థం కావాలి, ‘నీళ్లలోంచి వెంటనే బయటికి రండి’ అని పదిమందికి వినపడేలా మీరు చెప్పగలగాలి. కావలసింది అంతే.

కౌన్సెలర్‌కూ సపోర్ట్ స్టాఫ్‌కూ తేడా ఏమిటి?

వీసా విభాగాలే వేరు. ఇది తెలియకుండా సంతకాలు పెట్టి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

కౌన్సెలర్ జె-1లోని ‘క్యాంప్ కౌన్సెలర్’ విభాగంలో వెళ్తారు. ఈ విభాగంలో వచ్చినవాళ్లను వంటవాళ్లుగానో, గిన్నెలు కడగడానికో, ఊడ్చి తుడవడానికో, ఆఫీసు పనికో పెట్టుకోకూడదని నిబంధన స్పష్టంగా చెబుతోంది. మీ క్యాబిన్ మీరు, మీ పిల్లలు కలిసి ఊడ్చుకోవడం, తిన్న బల్ల తుడుచుకోవడం క్యాంపు జీవితంలో భాగం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. రోజంతా వంటింట్లో నిలబెడితే మాత్రం అది ఉల్లంఘన.

వంటిల్లు, లాండ్రీ, మరమ్మతు పనులకు తీసుకునేవాళ్లు ‘సమ్మర్ వర్క్ ట్రావెల్’ విభాగంలో వస్తారు. అందుకు కాలేజీలో పూర్తికాల విద్యార్థి అయ్యుండాలి, కనీసం ఒక సెమిస్టర్ పూర్తిచేసి ఉండాలి, సొంత కాలేజీ సెలవుల్లోనే వెళ్లాలి. చదువు అయిపోయి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఈ దారి లేదు.

చేతికొచ్చిన డీఎస్-2019 ఫారంలో (జె-1 వీసాకు మీరు అర్హులని చూపే పత్రం) ఏ విభాగం రాసుందో, ఆఫర్ లెటర్‌లో ఏ పని రాసుందో పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండూ కలవకపోతే ముందుకెళ్లకండి.

క్యాంపువాళ్లే నేరుగా వీసా ఇప్పించరా?

ఇప్పించలేరు. క్యాంపుకు మీరు నచ్చినా డీఎస్-2019 ఇచ్చేది అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన స్పాన్సర్ సంస్థే. సీఐఈఈ, ఇంటర్‌ఎక్స్‌ఛేంజ్, క్యాంప్ అమెరికా పేరుతో పనిచేసే ఏఐఎఫ్‌ఎస్ లాంటివి అలాంటి సంస్థలు. విదేశాంగ శాఖ జె-1 వెబ్‌సైట్‌లో పూర్తి జాబితా ఉంటుంది. భారతదేశం నుంచి ఈ ఏడాది అభ్యర్థుల్ని తీసుకుంటున్నదీ లేనిదీ ఆ సంస్థనే నేరుగా అడగాలి.

అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో బోర్డు పెట్టుకున్న ఏజెంటు స్పాన్సర్ కాడు. స్పాన్సర్‌తో ఒప్పందం ఉన్న ప్రతినిధి కావచ్చు, ఏ సంబంధమూ లేనివాడూ కావచ్చు. తేల్చుకోవడం తేలిక: స్పాన్సర్ పేరు అడిగి, ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూసి, ఆ సంస్థకే మెయిల్ రాసి ‘ఈయన మీ తరఫు మనిషేనా’ అని అడగండి. స్పాన్సర్ పేరు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. ‘వీసా గ్యారంటీ’ అన్నా అంతే. ఆ గ్యారంటీ స్పాన్సర్ కూడా ఇవ్వలేడు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ముందు ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. క్యాంపులు జనవరి నుంచి మార్చి లోపు ఎక్కువమందిని ఎంచుకుంటాయి. ఆ తర్వాత డీఎస్-2019 రావాలి, వీసా ఇంటర్వ్యూ స్లాట్ దొరకాలి, టికెట్ కొనాలి. 2025లో మే 27 నుంచి దాదాపు మూడు వారాలు విద్యార్థి, మార్పిడి వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేశారు. క్యాంపులు తెరిచే సమయం సరిగ్గా అదే. ఏప్రిల్‌లోనే ఇంటర్వ్యూ ముగించుకున్నవాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు.

విద్యార్థులు ఇంకొకటి చూసుకోవాలి. క్యాంపు సిబ్బంది శిక్షణ జూన్ మొదట్లోనో మధ్యలోనో మొదలవుతుంది. మన యూనివర్సిటీల్లో సెమిస్టర్ పరీక్షలు చాలాసార్లు అప్పుడే పడతాయి. ‘పరీక్షలయ్యాక జులైలో వస్తాను’ అంటే క్యాంపు ఒప్పుకోదు. శిక్షణ వారం తప్పినవాళ్ల చేతిలో పిల్లల్ని పెట్టరు.

క్యాంపు డైరెక్టర్ ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?

మార్కులు చూడరు. మీరు పిల్లలకు ఏం నేర్పగలరు, విసుగొచ్చినప్పుడు ఎలా ఉంటారు అన్నవే చూస్తారు. ‘ఇద్దరు పిల్లలు కొట్టుకుంటున్నారు, ఏం చేస్తావు?’, ‘ఒకమ్మాయి అన్నం తినడం మానేసింది, ఎవరికి చెబుతావు?’ లాంటి ప్రశ్నలొస్తాయి. రెండో ప్రశ్నకు ‘నేనే బుజ్జగించి తినిపిస్తాను’ అని ఆగిపోతే సగం జవాబే అవుతుంది. నర్సుకూ, మీ పైన ఉండే యూనిట్ లీడర్‌కూ చెబుతాననాలి.

నైపుణ్యాల్లో గిరాకీ ఎక్కువున్నది ఈతకు. క్యాంపు శిక్షణలో అమెరికన్ రెడ్‌క్రాస్ లైఫ్‌గార్డ్ పరీక్ష పెడితే, అందులో ఏడు నుంచి పది అడుగుల లోతులో ఉన్న పది పౌండ్ల ఇటుకను తీసుకుని ఒక నిమిషం నలభై సెకన్లలో ఈదుకుంటూ రావడం ఒక భాగం. బావిలో దూకి ఈత నేర్చినవాళ్లకు దమ్ము సరిపోతుంది గానీ తల నీళ్లలో పెట్టి పద్ధతిగా ఫ్రీస్టయిల్, బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదడం అలవాటుండదు. ఫిబ్రవరి నుంచే కొలనులో సాధన చేయండి. రాని ఈత వచ్చని రాస్తే చెరువు దగ్గర మొదటి రోజే బయటపడుతుంది.

విలువిద్య, టెన్నిస్, ఫుట్‌బాల్, తాళ్లు పట్టుకుని ఎక్కే, నడిచే సాహస ఆటలు (రోప్స్ కోర్సు), కుండల పని, కుట్టుపని, యోగా కూడా పనికొస్తాయి. కూచిపూడి వచ్చినవాళ్లు ‘క్లాసికల్ డాన్స్’ అని రాసి ఊరుకోకుండా, ఏమీ రాని పదేళ్ల పిల్లలకు 45 నిమిషాల తరగతిలో ఏం నేర్పుతారో రాయాలి. క్రికెట్ కూడా అంతే. టెన్నిస్ బంతి, ప్లాస్టిక్ బ్యాట్, ఆరుగురు పిల్లలు ఉంటే ఆట ఎలా నడుపుతారో చెప్పండి.

ఖర్చు ఎంత అవుతుంది?

వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. విద్యార్థి, మార్పిడి వీసాదారుల వివరాలుంచే సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థ రుసుము క్యాంప్ కౌన్సెలర్లకు 35 డాలర్లే, మిగతా జె-1 విభాగాల్లో చాలావాటికి 220. పొరపాటున ఎక్కువ కట్టకండి. 2025 జులైలో చేసిన చట్టంలో 250 డాలర్ల అదనపు వీసా రుసుము కూడా ఉంది. డబ్బు కట్టే రోజున అది అమల్లో ఉందో లేదో కాన్సులేట్ సైట్‌లో చూసుకోండి. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో 500 రూపాయలు. స్పాన్సర్ రుసుము ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. అందులో బీమా కలిసి ఉందా, వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు విమాన టికెట్. వీసా ముద్ర పడేదాకా తేదీ మార్చుకోలేని టికెట్ కొనకండి.

జీతం ఎంత? కనీస వేతనం కన్నా తక్కువంటారు, నిజమేనా?

గంటల లెక్కన చూస్తే నిజమే, ఎక్కువ చోట్ల అది చట్టబద్ధమే. ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని వినోద క్యాంపులకు అమెరికా కేంద్ర కనీస వేతన చట్టం నుంచి మినహాయింపు ఉంది. అందుకే గంటకింత అని కాకుండా సీజన్ మొత్తానికి ఇంత అని ఇస్తారు. వసతి, భోజనం క్యాంపుదే. అదే పని చేసే అమెరికన్ కౌన్సెలర్‌కు ఇచ్చే జీతం, సదుపాయాలతో సమానంగా మీకూ ఇవ్వాలన్నది జె-1 నిబంధన. ‘విదేశీయులకు ఇంతే’ అంటే స్పాన్సర్‌కు చెప్పండి.

టికెట్, రుసుములు పోను చేతిలో పెద్దగా మిగలదు. అప్పు చేసి వెళ్లి ఈ డబ్బుతో తీర్చుకుందామనుకునే లెక్క కుదరదు.

జీతం ఎప్పుడు, ఎలా ఇస్తారో ముందే అడగండి. చివరి రోజున చెక్కు చేతిలో పెట్టే క్యాంపులున్నాయి. ఆ చెక్కు జేబులో పెట్టుకుని హైదరాబాద్ వచ్చేస్తే ఇక్కడ మార్చుకోవడం పెద్ద తలనొప్పి. క్యాంపుకు ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో అక్కడే మార్చుకోండి, లేదా మొదటి వారాల్లోనే అమెరికాలో ఖాతా తెరవండి.

వీసా ఇంటర్వ్యూకు ఎలా సిద్ధమవ్వాలి?

డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, రుసుములు కట్టి, రెండు అపాయింట్‌మెంట్లు తీసుకోవాలి. వేలిముద్రలు, ఫొటో కోసం వీసా దరఖాస్తు కేంద్రానికి ఒకటి, ఇంటర్వ్యూకు కాన్సులేట్‌లో మరొకటి. హైదరాబాద్ కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో తేదీ త్వరగా దొరుకుతుందని వెళ్లే పాత ఉపాయం ఇప్పుడు పనిచేయదు. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలో, లేదా నివాసముంటున్న దేశంలోనే హాజరుకమ్మంటున్నారు. జె-1 దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్నది 2025 జూన్ నుంచి వచ్చిన నియమం.

ఎక్కువమందికి వీసా నిరాకరించేది 214(బి) సెక్షన్ కింద, అంటే తిరిగొస్తారన్న నమ్మకం కలగకపోవడం వల్ల. కాలేజీ బోనఫైడ్, వచ్చే సెమిస్టర్ తేదీలు, టీచరైతే సెలవు మంజూరు పత్రం దగ్గర పెట్టుకోండి. క్యాంపు ఏ రాష్ట్రంలో ఉందో, ఏ వయసు పిల్లలో, మీరేం నేర్పుతారో తడుముకోకుండా చెప్పగలగాలి. ఏజెంటు బట్టీ పట్టించిన జవాబులు అధికారి రోజుకు ఎన్నోసార్లు వింటుంటారు.

పేరు విషయంలో మన వాళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, మీ పేరంతా ఇంటిపేరుగా మారి, వీసాలో అసలు పేరు ఉండాల్సిన చోట ‘పేరు తెలియదు’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అన్న అర్థంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. ఆ మూడక్షరాలే తర్వాత జీతం చెక్కు లాంటి కాగితాల మీదా ప్రత్యక్షం కావచ్చు. సమయం ఉంటే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. ఆ తర్వాత స్పాన్సర్‌కు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా పేరు ఇవ్వండి.

క్యాంపు మెడికల్ ఫారం కోసం చేయించిన టీబీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఇక అంతేనా?

కాదు. మనలో దాదాపు అందరికీ పుట్టగానే బీసీజీ టీకా వేస్తారు. దాని ప్రభావంతో చేతి మీద చేసే మాంటూ పరీక్ష టీబీ లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఐజీఆర్ఏ అనే రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు. మొదటే అది చేయించుకుంటే మేలు. తట్టమ్మ, గవదబిళ్లల టీకా, ధనుర్వాతం టీకా, ఆటలమ్మ టీకా వివరాలు కూడా అడుగుతారు. చిన్నప్పటి కార్డు దొరక్కపోతే మార్చిలోపు డాక్టరును కలవండి, ఎందుకంటే కొన్ని టీకాలకు రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఆగాలి.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి?

మెయిన్, న్యూ హాంప్‌షైర్ ప్రాంతాల్లో జూన్ రాత్రులు మన సంక్రాంతి చలి కంటే ఎక్కువే ఉంటాయి. స్వెట్టరు, వాన కోటు, తడిసినా త్వరగా ఆరే ప్యాంట్లు, రెండు జతల బూట్లు, టార్చిలైటు, ఈత దుస్తులు తప్పనిసరి. దుప్పటి, స్లీపింగ్ బ్యాగు క్యాంపు ఇస్తుందో లేదో అడగండి. రోజూ వాడే మందులు డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. క్యాబిన్‌లో మందులు ఉంచనివ్వరు, నర్సు దగ్గర దాచాలి. డీఎస్-2019 చేతి సంచిలోనే ఉండాలి. తినే వస్తువులు ఏవి ఉన్నా కస్టమ్స్‌లో చెప్పేయండి. వేరుశనగ పొడి, పల్లీ చిక్కీ మాత్రం అసలు వద్దు. చాలా క్యాంపుల్లో పల్లీలు నిషేధం, ఎందుకంటే ఆ ఎలర్జీ ఉన్న పిల్లలకు ఊపిరాడక ప్రాణం మీదకొస్తుంది.

పిల్లలతో మెలగడంలో మనవాళ్లు పొరపాటు పడేది ఎక్కడ?

మన దగ్గర ముద్దుగా చేసేవే అక్కడ ఫిర్యాదులవుతాయి. బుగ్గ గిల్లడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, తల మీద చిన్న మొట్టికాయ, ‘లావైపోయావు, తగ్గు’ అనడం, రంగు గురించి సరదాగా అనే మాట, ఇవేవీ కూడవు. కొట్టడం, చెవి మెలిపెట్టడం, ఎండలో నిలబెట్టడం, తిండి మాన్పించడం చేస్తే ఆ రోజే పంపేస్తారు.

ఏ పిల్లతోనూ, పిల్లవాడితోనూ ఎవరికీ కనపడని చోట ఒంటరిగా ఉండకూడదు. విడిగా మాట్లాడాల్సి వస్తే వరండాలోనో మెట్ల మీదో, నలుగురికీ కనిపించే చోట మాట్లాడండి. పిల్లల ఫొటోలు మీ ఫోన్‌తో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదు. క్యాంపు అయ్యాక వాళ్లతో విడిగా చాటింగ్ చేయకూడదు.

ఇంట్లో ఎవరో కొడుతున్నారనో, తాకకూడని చోట తాకుతున్నారనో పిల్లలు మీకు చెబితే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. తరచి తరచి ప్రశ్నించకండి. విన్నది విన్నట్టు రాసుకుని వెంటనే డైరెక్టర్‌కు చెప్పండి. చాలా రాష్ట్రాల్లో క్యాంపు సిబ్బంది ఇలాంటివి అధికారులకు తెలపడం చట్టరీత్యా తప్పనిసరి. ఎలా తెలపాలో శిక్షణలో చెబుతారు.

పిల్లలు ఇంటి మీద బెంగ పెట్టుకుంటే? పక్క తడిపితే?

బెంగ మొదటి నాలుగైదు రోజులు సహజం. సాయంత్రం, రాత్రి పడుకునే ముందు ఎక్కువవుతుంది. అందుకే ఆ వేళల్లో పిల్లల చేతికి ఏదో ఒక పని పెట్టాలి. ‘నచ్చకపోతే అమ్మ వచ్చి తీసుకెళ్తుందిలే’ అని మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్లవాడు ఆటలు మానేసి గేటు వైపు చూస్తూ కూర్చుంటాడు.

పక్క తడిపిన సంగతి మిగతా పిల్లలకు తెలియకూడదు. అందరూ పళ్లు తోముకోవడానికి వెళ్లినప్పుడు దుప్పటి మార్చేయాలి. దానికి క్యాంపులో ఒక పద్ధతి ఉంటుంది, మొదటి రోజే అడిగి తెలుసుకోండి. రాత్రి పది గంటలకు ఆ బిడ్డను ఒకసారి లేపి బాత్రూముకు వెళ్లమనడం చాలావరకు పనిచేస్తుంది.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, విసుగు పుట్టేలా దొరుకుతుంది: పాస్తా, చీజ్ పిజ్జా, సలాడ్, బ్రెడ్డు. ఆఫర్ వచ్చినప్పుడే వంటింటికి తెలియజేయండి. ‘వెజిటేరియన్’ అంటే చేపలు తింటారనుకునేవాళ్లు కూడా ఉంటారు, గుడ్డు సంగతితో సహా విడమరిచి చెప్పండి. చలిమంట దగ్గర కాల్చి బిస్కెట్ల మధ్య చాక్లెట్‌తో పెట్టుకు తినే మార్ష్‌మెల్లోలో జెలటిన్ ఉంటుంది. అది మామూలుగా పంది లేదా ఆవు చర్మం, ఎముకల నుంచి తీసినది. జెల్లీ మిఠాయిలూ అంతే. పట్టింపు ఉన్నవాళ్లు అట్ట మీద చదువుకోవాలి.

అడవిలో దేనికి జాగ్రత్తపడాలి?

ఎలుగుబంట్ల గురించి అందరూ అడుగుతారు గానీ అసలు చూసుకోవాల్సింది పిడుదు పురుగుల్ని. ఈశాన్య రాష్ట్రాల్లో, విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో నువ్వుగింజంత పిడుదులు లైమ్ వ్యాధిని మోస్తాయి. అవి చాలావరకు ఒక రోజుకు పైగా ఒంటిని పట్టుకుని ఉంటేనే వ్యాధి సోకుతుంది. కాబట్టి రోజూ స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో చూసుకుంటే ప్రమాదం చాలా తగ్గుతుంది. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగేయాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పూయడం వద్దు. తర్వాత వలయంలా ఎర్రటి మచ్చో, జ్వరమో వస్తే నర్సుకు చెప్పండి.

ఒక్కో కాడకు మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీని తాకితే బొబ్బలొస్తాయి. వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, బట్టలూ ఉతకాలి.

సెలవు రోజున బీరు తాగొచ్చా?

21 ఏళ్లు నిండకపోతే ఎక్కడా కుదరదు. నిండినా క్యాంపులోకి తేకూడదు, మత్తు దిగకుండా డ్యూటీకి రాకూడదు. గంజాయి కొన్ని రాష్ట్రాల్లో దుకాణాల్లో అమ్ముతారు, కానీ కేంద్ర చట్టంలో అది ఇప్పటికీ నేరమే. వీసాదారుడి మీద పడేది కేంద్ర చట్టం.

క్యాంపులో అన్యాయం జరిగితే, లేదా తీసేస్తే?

ముందు డైరెక్టర్‌తో, తర్వాత స్పాన్సర్‌తో మాట్లాడండి. స్పాన్సర్ 24 గంటలూ పలకాల్సిందే. అక్కడా పలక్కపోతే విదేశాంగ శాఖ జె-1 అత్యవసర నంబరు 1-866-283-9090. పాస్‌పోర్టు ఎవరైనా బలవంతంగా దగ్గర పెట్టుకుంటే అది నేరం. భద్రత కోసం ఆఫీసు బీరువాలో ఉంచినా, మీరడిగినప్పుడు ఇవ్వాలి.

చెప్పాపెట్టకుండా క్యాంపు వదిలి న్యూజెర్సీలో చుట్టాలింటికి వెళ్లిపోవడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. స్పాన్సర్ కార్యక్రమాన్ని రద్దు చేస్తారు, వెంటనే దేశం విడవాలి, ఆ సంగతి రికార్డులో ఉండిపోతుంది. స్పాన్సర్‌కు చెప్పి ఇంకో క్యాంపుకు మారే అవకాశం ఉన్నప్పుడు ఇలా చేయడం దండగ.

బీమా గురించి కూడా ఇక్కడే. ఒక్కో ప్రమాదానికి లేదా జబ్బుకు కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా ఉండాలి, మీరు భరించే మొదటి భాగం 500 డాలర్లు దాటకూడదు. కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

క్యాంపు అయ్యాక తిరగొచ్చా? అటునుంచి అటే ఉద్యోగమో, చదువో?

కార్యక్రమం సక్రమంగా పూర్తయితే డీఎస్-2019లోని చివరి తేదీ తర్వాత 30 రోజులు ఉండి దేశం చూడొచ్చు. పనిచేయకూడదు. నయాగరా దగ్గర కెనడా వైపుకు దాటితే ఆ జె-1 మీద మళ్లీ లోపలికి రానివ్వరు.

హెచ్-1బీకి ఇది మెట్టు కాదు. అలా అని చెప్పేవాళ్లకు మీ డబ్బు కావాలి. ఎమ్మెస్‌కు వెళ్లాలనుకునేవాళ్లు గడువులోగా తిరిగొచ్చి ఎఫ్-1కు ఇక్కడ దరఖాస్తు చేసుకుంటే, చెప్పిన మాట ప్రకారం వెనక్కొచ్చిన రికార్డు మీ పక్కన ఉంటుంది.

పన్ను కట్టాలా?

కట్టాలి. ముందు సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి, జీతం, పన్ను లెక్కలకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే నంబరు అది. దిగిన పది రోజుల తర్వాత పాస్‌పోర్టు, డీఎస్-2019, ఐ-94 (మీరు దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు) తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లండి. అంతకంటే ముందు వెళ్తే మీ వివరాలు వాళ్ల కంప్యూటర్‌లో కనబడక తిప్పి పంపుతారు.

జె-1 కౌన్సెలర్ జీతం నుంచి సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పేరుతో 7.65 శాతం కోయకూడదు. 2,000 డాలర్ల జీతం మీద అది 153 డాలర్లు. విదేశీ సిబ్బంది కొత్తగా ఉన్న క్యాంపుల్లో పొరపాటున కోసేస్తారు, మొదటి జీతం చీటీలోనే చూసుకుని అకౌంట్సు వాళ్లకు చెప్పండి. కేంద్ర ఆదాయపు పన్ను మాత్రం ఉంటుంది, ఈ స్థాయి జీతానికి పది శాతం శ్లాబు. కొన్ని రాష్ట్రాల పన్ను దానికి అదనం. మరుసటి ఏడాది ఏప్రిల్ 15లోపు అక్కడ నివాసులు కాని విదేశీయులు నింపే పన్ను రిటర్ను 1040-ఎన్ఆర్ ఫారం, దానితో 8843 ఫారం పంపాలి. మామూలు 1040 మీది కాదు. తెలిసినవాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ అని దాన్నే నింపేసి తర్వాత సరిదిద్దుకోవడం పెద్ద పని.

రిటర్నుకు కావలసిన, ఏడాది జీతమూ కోసిన పన్నూ చూపే డబ్ల్యూ-2 కాగితాన్ని క్యాంపు జనవరిలో పంపుతుంది. అప్పటికి క్యాబిన్లకు తాళాలు పడి ఉంటాయి, కొన్ని క్యాంపుల ఆఫీసు శీతాకాలంలో వేరే ఊళ్లో ఉంటుంది. బయల్దేరే ముందు మీ ఇక్కడి చిరునామా పిన్‌కోడ్‌తో సహా ఇచ్చి, శీతాకాలం ఆఫీసు మెయిల్ రాసి తెచ్చుకోండి. చివరి జీతం చీటీని ఫొటో తీసి ఉంచుకోండి.